నావల్ల అవుతుందా?

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన రేడియో ప్రసంగ పాఠం)



మన ఇళ్ళలో ఆడపిల్ల ఇంటరో, డిగ్రీయో పూర్తిచేయగానే పెద్దవాళ్ళ నోట వచ్చే మాట ఒకటుంది. "టీచరు ట్రైనింగు చేయించండి. ఆడపిల్లకి అంతకంటె మర్యాదైన ఉద్యోగం ఏముంది?" అని. ఆ వెనకాలే తక్కిన ప్రశ్నలన్నీ వచ్చేస్తాయి. సీటు ఎక్కడ వస్తుంది, ఫీజు ఎంత, టెట్ ఎప్పుడు, డి.ఎస్.సి. ఎప్పుడు, పోస్టింగు దగ్గర్లో పడుతుందా, రేపు సంబంధాలు చూసేటప్పుడు పనికొస్తుందా... ఇన్ని అడుగుతాం. కాని ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, "ఏమ్మా, ముప్ఫైమంది పిల్లల ఎదుట నిలబడి పాఠం చెప్పగలనని నీకు ధైర్యంగా ఉందా?" అని మాత్రం అడగం. ఆ ప్రశ్న ఆ అమ్మాయి తనకు తానే వేసుకుంటుంది. అదీ, అందరూ నిద్రపోయాక, మర్నాటి పాఠానికి చార్టు గీసుకుంటూ వేసుకుంటుంది. "నావల్ల అవుతుందా?" అని.

ఈ వేళ నేను మీతో ముచ్చటించదలచుకున్నది ఆ ఒక్క ప్రశ్న గురించే. ఇది ట్రైనింగు చేసే అమ్మాయిల సొంత గొడవ, మనకెందుకులే అనుకోకండి. ఆ అమ్మాయి రేపు మీ పిల్లవాడికో, మనవరాలికో అక్షరాలు దిద్దించబోయే మనిషి. ఆమెకు తన మీద నమ్మకం ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఆ పిల్లవాడికి చదువు మీద నమ్మకం కుదరడమో, చెడడమో జరుగుతుంది.

ముందుగా ఒక మాట స్పష్టం చేసుకుందాం. నేను చెబుతున్న నమ్మకం సభాధైర్యం కాదు. కాలేజీ వార్షికోత్సవంలో వేదికెక్కి గడగడా మాట్లాడిన పిల్ల మూడో తరగతి గదిలో నోట మాట రాక నిలబడిపోవడం మామూలే. అలాగే ఇది విషయ పరిజ్ఞానమూ కాదు. గణితంలో ఫస్టు క్లాసు తెచ్చుకున్న అమ్మాయి, తీసివేత లెక్క ఎలా చెప్పాలో తెలియక తికమకపడవచ్చు. ఈ పిల్లలకి, ఈ గదిలో, ఈ పాఠం నేను చెప్పగలను, వాళ్ళకు వచ్చేలా చేయగలను అన్న నమ్మకం వేరే సంగతి. అది ఉన్నప్పుడూ లేనప్పుడూ తరగతి ఎలా నడుస్తుందో ఒక చిన్న ఉదాహరణ చెబుతాను.

ట్రైనింగులో పాఠ్యపథకం రాసుకుని వెళ్ళాలన్న సంగతి మీలో చాలామందికి తెలుసు. మొదట ఉన్ముఖీకరణ, అంటే పిల్లల మనసు పాఠం వైపు తిప్పే ప్రశ్నలు. తర్వాత శీర్షికా ప్రకటన, ఆ పైన పాఠం, నల్లబల్ల పని, పునర్విమర్శ, ఇంటిపని. టీచరు ఏం అడగాలో, పిల్లలు ఏం జవాబు చెబుతారో కూడా ముందే రాసుకోవాలి. నీటి వనరుల పాఠం అనుకోండి. "మనకు నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయి?" అని ప్రశ్న. నది, చెరువు, బావి అని జవాబు రాసి ఉంటుంది. తీరా తరగతిలో అడిగితే, వెనక వరసలోంచి ఒక బుడతడు లేచి, "ట్యాంకరులోంచి టీచర్!" అన్నాడు. గదంతా గొల్లుమంది. ఆ జవాబు పుస్తకంలో లేదు. గది చివర కుర్చీలో పరిశీలన పుస్తకం పట్టుకుని సూపర్వైజరు గారు కూర్చున్నారు.

ఇప్పుడు ఆ అమ్మాయి ఏం చేయాలి? ఒకామె అయితే, "తప్పు, కూర్చో. ఇంకెవరు చెబుతారు?" అంటుంది. వాడు కూర్చుంటాడు, ఇక ఆ రోజుకి నోరు విప్పడు. ఇంకొకామె నవ్వి, "సరే, మరి ఆ ట్యాంకరులోకి నీళ్ళు ఎక్కడినుంచి వచ్చాయిరా?" అంటుంది. వాడు బోరు అంటాడు, మరొకడు చెరువు అంటాడు, ఇంకో పిల్ల వాన అంటుంది. పాఠం దానంతటదే నడుస్తుంది. ఇద్దరూ ఒకే కాలేజీలో, ఒకే పుస్తకాలు చదివినవాళ్ళే. తేడా ఎక్కడుంది? రాసుకున్న దారి తప్పినా మళ్ళీ దారిలోకి తీసుకురాగలనన్న ధీమా రెండో ఆమెకు ఉంది. మొదటి ఆమెకు లేదు. లేదు గనక ప్రశ్నలంటేనే భయం. ప్రశ్నలంటే భయపడ్డ టీచరు చివరికి నోట్సు చెప్పి రాయించడంలోకో, బెత్తంలోకో దిగుతుంది. పిల్లలను కొట్టడాన్ని 2009 నాటి విద్యాహక్కు చట్టం నిషేధించింది గాని, బెత్తం పట్టించేది చాలాసార్లు కోపం కాదు, తరగతి చేజారిపోతోందన్న భయం. ఆ భయాన్ని చట్టం ఒక్కటే పోగొట్టలేదు.

ఈ నమ్మకం గురించి శాస్త్రీయంగా ఆలోచించినవారిలో ముఖ్యుడు ఆల్బర్ట్ బండూరా. కెనడాలో 1925లో పుట్టి, అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రం బోధించి, 2021లో కన్నుమూశారు. పాములంటే ప్రాణభయం ఉన్నవాళ్ళ మీద ఆయన పరిశోధనలు చేశారు. ఉపన్యాసాలతో వాళ్ళ భయం పోగొట్టలేదు. మొదట ఇంకొకరు పామును పట్టుకుంటుంటే చూపించడం, తర్వాత కొంచెం దగ్గరకు రానివ్వడం, చేతికి తొడుగు వేసి ముట్టుకోనివ్వడం, అలా మెట్టుమెట్టుగా నడిపించారు. భయం పోయింది. అంతేకాదు, ఒక్క భయాన్ని గెలిచినవాళ్ళకు జీవితంలో వేరే పనుల్లో కూడా ధైర్యం వచ్చిందట. ఈ పరిశోధనల నుంచే 1977లో ఆయన ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. మనం తెలుగులో స్వీయ సామర్థ్య విశ్వాసం అనుకోవచ్చు. ఇంట్లో మాటల్లో చెప్పాలంటే, "ఇది నావల్ల అవుతుంది" అన్న నమ్మకం. ఆ నమ్మకం ఉన్నవాళ్ళు పనిలోకి దిగుతారు, అడ్డంకి వస్తే ఇంకో దారి వెతుకుతారు. లేనివాళ్ళు పని చేతకాక కాదు, ప్రయత్నమే చేయక ఓడిపోతారు.

దాదాపు అదే కాలంలో, 1976లో, అమెరికాలో రాండ్ సంస్థవారు లాస్ ఏంజెలెస్ బడుల్లో పిల్లల చదవడం ఎలా మెరుగుపడుతోందో పరిశీలించారు. అందులో టీచర్లను రెండు సంగతులు అడిగారు. పిల్లవాడి చదువంతా ఇంటి పరిస్థితి మీదే ఆధారపడుతుంది, టీచరు చేయగలిగింది పెద్దగా లేదు అంటారా అన్నది ఒకటి. గట్టిగా ప్రయత్నిస్తే ఎంత మొండికేసిన పిల్లవాడికైనా చదువు చెప్పగలను అంటారా అన్నది రెండోది. తమవల్ల అవుతుందన్న టీచర్ల దగ్గర పిల్లలు చదవడంలో ఎక్కువ ముందుకు వెళ్ళినట్టు కనబడింది. మన స్టాఫు రూముల్లో వినబడే మాట గుర్తుకు రావడం లేదూ? "వాళ్ళ అమ్మానాన్నలకే చదువు లేదు, వీడికి మనం ఏం చెప్పగలం?" అని. ట్రైనింగుకు వచ్చిన అమ్మాయి ఆ మాట మొదటి వారంలోనే వింటుంది. విన్నది విన్నట్టు నమ్మితే ఆమె పని అక్కడితో ముగిసిపోయినట్టే.

మరి ఈ నమ్మకం ఎక్కడినుంచి వస్తుంది? పుట్టుకతో వచ్చేది కాదు. బండూరా గారు నాలుగు దారులు చెప్పారు. ఆ నాలుగింటినీ మన బడికి అన్వయించి చూద్దాం.

మొదటిది, అన్నిటికంటె గట్టిది, స్వయంగా చేసి సాధించిన అనుభవం. నీళ్ళలో దిగనిదే ఈత రాదు గదా! ఒక అమ్మాయి రెండో తరగతికి తీసివేతలు చెబుతోందనుకోండి. 42లోంచి 17 తీసేయమంటే తొమ్మిదిమంది పిల్లలు 35 అని వేశారు. రెండులోంచి ఏడు పోదు గనక, ఏడులోంచి రెండు తీసేశారన్నమాట. ఎన్నిసార్లు బోర్డు మీద చేసి చూపినా అదే తప్పు. "నాకు చెప్పడం రాదు" అని ఆ అమ్మాయికి ఏడుపొచ్చింది. మర్నాడు చీపురుపుల్లలు తెచ్చి, పదేసి పుల్లలు కట్టలు కట్టించింది. నాలుగు కట్టలు, రెండు విడిపుల్లలు. ఏడు పుల్లలు ఇవ్వమంది. పిల్లలు వాళ్ళంతట వాళ్ళే ఒక కట్ట విప్పారు. విడిపుల్లలు పన్నెండయ్యాయి. ఏడు ఇస్తే అయిదు మిగిలాయి. మిగిలిన మూడు కట్టల్లో ఒకటి ఇస్తే రెండు. ఇరవై అయిదు! తొమ్మిదిమందిలో ఆరుగురికి ఆ రోజే పట్టుబడింది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళే ఆ అమ్మాయి నడకే వేరు. ఎవరి మెచ్చుకోలూ ఇవ్వలేని ధైర్యం ఆ ఆరుగురు పిల్లలు ఇచ్చారు.

కాబట్టి ట్రైనింగు చేసే అమ్మాయిలకు నా సలహా ఇది. కాలేజీకి చూపించే రికార్డు కాక, మీకోసం ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. ఈ రోజు ఏ పిల్లకి ఏం వచ్చింది, ఏం చేస్తే వచ్చింది అని రెండు వాక్యాలు రాసుకోండి. రాని వాళ్ళ సంగతి కూడా రాయండి. నెల తిరిగేసరికి మీవల్ల ఏమయిందో మీ చేతిరాతలోనే కనిపిస్తుంది. నమ్మకానికి ఆధారం ఉండాలి. ఆధారం లేని నమ్మకం గాలిలో దీపం.

సూక్ష్మబోధన అని ట్రైనింగు కాలేజీల్లో ఒక పద్ధతి ఉంది. 1960లలో స్టాన్‌ఫర్డ్‌లో మొదలైంది. మన దేశంలో దానికి 36 నిమిషాల లెక్క వేశారు. ఆరు నిమిషాలు ఒక చిన్న పాఠం చెప్పడం, ఆరు నిమిషాలు బాగోగులు చర్చించడం, పన్నెండు నిమిషాలు మళ్ళీ ఆలోచించుకోవడం, ఆరు నిమిషాలు మళ్ళీ చెప్పడం, ఆరు నిమిషాలు మళ్ళీ చర్చ. ఇందులో ప్రాణం ఎక్కడుందంటే, మళ్ళీ చెప్పడంలో. మొదటిసారి తడబడ్డ మనిషి రెండోసారి సరిదిద్దుకుంటే, "నేను మెరుగుపడగలను" అని ఆమెకే తెలుస్తుంది. కాని టైము చాలదని ఎగరగొట్టేది సరిగ్గా దాన్నే. తప్పు చూపించి, దిద్దుకునే అవకాశం ఇవ్వకుండా పంపించేస్తే మిగిలేది ఆ తప్పు ఒక్కటే.

రెండో దారి, మనలాంటివాళ్ళు చేస్తుంటే చూడడం. మనలాంటివాళ్ళు అన్న మాట గమనించండి. ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉన్న లెక్చరరు గారు మాదిరి పాఠం చెబితే పిల్లలు మంత్రం వేసినట్టు కూర్చుంటారు. చూసిన అమ్మాయికి భక్తి కలుగుతుంది గాని ధైర్యం రాదు. "ఆవిడెక్కడ, నేనెక్కడ!" అనుకుంటుంది. అదే తన పక్క బెంచీ స్నేహితురాలు మొదట తడబడి, గొంతు సవరించుకుని, పిల్లలను మళ్ళీ దారికి తెచ్చుకోవడం చూస్తే, "దాని వల్ల అయింది, నావల్ల ఎందుకు కాదు?" అనిపిస్తుంది. అందుకని ప్రాక్టీసు బడికి పంపేటప్పుడు అమ్మాయిలను ఇద్దరిద్దరిని జతచేసి పంపి, ఒకరి పాఠం ఒకరు చూసేలా చేస్తే మంచిది. ఒకరు పాఠం చెబుతుంటే రెండో ఆమె పిల్లల మొహాలు గమనించాలి. పాఠం చెప్పేవాళ్ళకు కనిపించనివి ఆమెకు కనిపిస్తాయి.

మూడోది, పెద్దల మాట. సూపర్వైజరు గారు పరిశీలన పుస్తకంలో రాసే రెండు వాక్యాలను ఆ అమ్మాయి ఎన్ని రోజులు మోస్తుందో రాసినవారికి తెలియదు. "గొంతు చాలదు. తరగతి నిర్వహణ సరిగా లేదు." ఇంతే. ఏం చేస్తే సరవుతుందో ఉండదు. "మీరు బోర్డు వైపు తిరిగి చెబుతున్నారు, అందుకే వెనక వరసకి వినపడలేదు. రాయడం ఆపి, తిరిగి చెప్పండి" అని రాస్తే, మందలింపు కాస్తా దారి చూపడం అవుతుంది. ఊరికే "వెరీ గుడ్" అని రాయడమూ మేలు కాదు. తాను బాగా చెప్పలేదని ఆ అమ్మాయికి తెలుసు. అబద్ధపు పొగడ్తతో, తర్వాత ఎప్పుడైనా నిజంగా మెచ్చుకున్నా నమ్మకుండా పోతుంది. ఇక పిల్లల ఎదుటే తప్పులు పట్టడం గురించి వేరే చెప్పాలా? ఒకసారి అలా జరిగాక ఆ పిల్లలు ఆమెను టీచరుగా చూడరు.

పెద్దల మాట అంటే కాలేజీలోని పెద్దలు ఒక్కరే కాదు. ఇంట్లో వాళ్ళూ ఉన్నారు. "నీ మాట మన ఇంట్లో చిన్నాడే వినడు, బళ్ళో పిల్లలు వింటారా?" అని తమ్ముడు వేళాకోళం ఆడతాడు. "గవర్నమెంటు ఉద్యోగం వస్తే వచ్చింది, లేకపోతే లేదు, ఇంత హైరానా ఎందుకు?" అని అత్తగారు అంటుంది. వాళ్ళకు అవి మామూలు మాటలే. రేపు పాఠం చెప్పాల్సిన పిల్లకి మాత్రం మామూలు మాటలు కావు. దానికి బదులు, "ఏదీ, రేపటి పాఠం నాకు చెప్పు, చూద్దాం" అని ఒక పావుగంట కూర్చున్నారనుకోండి. చదువు రాని అత్తగారికి అర్థమయ్యేలా చెప్పగలిగితే మూడో తరగతి పిల్లలకు చెప్పడం ఒక లెక్కా!

నాలుగోది మన శరీరం. దీన్ని మనం పట్టించుకోం. పాఠానికి ముందు అరచేతుల్లో చెమట, గొంతు ఎండిపోవడం, గుండె దడ, కడుపులో తిప్పడం. ఇవి రాగానే, "చూశావా, నేను దీనికి పనికిరాను" అనుకుంటుంది అమ్మాయి. కచేరీకి ముందు పేరున్న గాయకులకు కూడా గుండె దడ ఉంటుంది. అది శరీరం పనికి సిద్ధమవుతోందని చెప్పే గుర్తు. అసమర్థతకు గుర్తు కాదు. ఆ తేడా చెప్పేవాళ్ళు ఉంటే సగం భయం పోతుంది.

మిగిలిన సగానికి మందులు ఇంట్లోనే ఉన్నాయి. ట్రైనింగు చేసే వాళ్ళలో పెళ్ళయి, చంటిబిడ్డ తల్లులైన వాళ్ళూ ఉన్నారు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, వంట చేసి, క్యారేజీలు సర్ది, బిడ్డను అప్పగించి, రెండు బస్సులు మారి బడికి చేరేసరికి ప్రార్థన గంట కొట్టేస్తారు. తను మాత్రం ఏమీ తినదు. అలా పరుగెత్తుకుంటూ వచ్చి నిలబడ్డ మనిషికి కాళ్ళు వణక్క ఏం చేస్తాయి? దానికి తన అసమర్థత అని పేరు పెట్టుకుంటుంది. అమ్మా, అది ఆకలి, నిద్రలేమి. పాఠం ఉన్న రోజుల్లోనైనా ఆమెకు ఇంటిపని తగ్గించండి. ఆమె తినేదాకా గుమ్మం దాటనివ్వకండి. అమ్మాయిలూ, మీరూ ఒక అరగంట ముందు బడికి చేరండి. పిల్లల పేర్లు ముందే నేర్చుకోండి. "ఒరేయ్, నువ్వు" అనడానికీ పేరు పెట్టి పిలవడానికీ ఎంత తేడానో మొదటి రోజునే తెలుస్తుంది. గొడవ పెరిగినప్పుడు గొంతు పెంచకండి. మాట ఆపి, రెండడుగులు పిల్లల మధ్యకు నడవండి.

ఇంతవరకు నమ్మకం పెంచుకోవడం గురించి చెప్పాను. నాణేనికి రెండో వైపు కూడా చూడాలి. నైపుణ్యం లేని నమ్మకం పిల్లలకు ఇంకా ప్రమాదం. తనకు అంతా వచ్చుననుకునే టీచరు పిల్లవాడికి రాకపోతే తప్పు వాడిదే అంటుంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు! ట్రైనింగు కాలేజీల్లో కొన్నిచోట్ల ఏం జరుగుతోందో మీకు నేను చెప్పనక్కరలేదు. హాజరు లేకుండానే హాజరు పడుతుంది. రికార్డులు డబ్బిచ్చి రాయించుకుంటారు, చార్టులు బజారులో కొంటారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ జె.ఎస్. వర్మ కమిషన్ 2012లో ఇచ్చిన నివేదిక ఈ చదువు ఎంత చెడిపోయిందో చూపించింది. 2020 జాతీయ విద్యా విధానం ఆ కమిషన్‌ను పేర్కొంటూ, కేవలం టీచరు ట్రైనింగే ఇచ్చే విడి సంస్థలు పదివేల పైచిలుకున్నాయనీ, వాటిలో ఎక్కువ భాగం డిగ్రీలు అమ్ముకుంటున్నాయనీ స్పష్టంగానే రాసింది. అలా కొన్న కాగితంతో ధైర్యం రాదు. వచ్చినా అది బడి గుమ్మం దాకానే.

తల్లిదండ్రులూ ఇక్కడ ఆలోచించాలి. "ఇంటి దగ్గర ఉంటూనే పరీక్ష రాయవచ్చట" అని అటువంటి చోట చేర్పించడం పిల్లకి మేలు చేసినట్టు కాదు. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014లో బి.ఎడ్.ను రెండేళ్ళు చేసినప్పుడు, అందులో 20 వారాలు బడితో కలిసి పనిచేయాలని పెట్టింది ఊరికే కాదు. ఆ 20 వారాలూ ఎగరగొడితే, నేను చెప్పిన నాలుగు దారుల్లో మొదటిదీ గట్టిదీ మూసేసినట్టే.

ఇంకొక సంగతి. శ్రద్ధగా ట్రైనింగు చేసి, ధైర్యం తెచ్చుకున్న అమ్మాయికి కూడా మొదటి ఉద్యోగంలో ఆ ధైర్యం జారిపోవచ్చు. ఇది ఆమె ఒక్కతె లోపం కాదు. అమెరికాలో ఆనిటా వుల్ఫోక్ హోయ్, రోండా బర్క్ స్పీరో అనే ఇద్దరు పరిశోధకురాళ్ళు 2005లో ప్రకటించిన అధ్యయనంలో, శిక్షణ కాలంలో పెరిగిన నమ్మకం ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది తగ్గిందని చూపించారు. ఆ మార్పుకూ ఉద్యోగంలో దొరికిన ఆసరాకూ సంబంధం ఉందట.

మన దగ్గర ఆ తేడా ఇంకా ఎక్కువ. ట్రైనింగులో ఒక తరగతికి, ఒక సబ్జెక్టు, ఒక పీరియడు చెప్పిన అమ్మాయిని ఏకోపాధ్యాయ పాఠశాలకు వేస్తారు. అయిదు తరగతులు ఒకే గదిలో. అటెండెన్సు, మధ్యాహ్న భోజనం లెక్క, ఫోనులో పంపాల్సిన వివరాలు, అన్నీ ఆమే. ఏజెన్సీలో అయితే పిల్లల ఇంటి భాష గోండీయో, కోయయో, సవరయో. బడికి వచ్చిన మొదటి రోజుల్లో ఆ పిల్లలు మాట్లాడకపోతే మొద్దులనుకుంటుంది. లేదా తనకే చెప్పడం రాదనుకుంటుంది. రెండూ నిజం కాదు. వాళ్ళకు తెలుగు రాదు, ఈమెకు వాళ్ళ భాష రాదు, అంతే. ఊళ్ళో ఆ పిల్లల తల్లుల దగ్గర రోజుకు నాలుగు మాటలు నేర్చుకుంటే, నెలకల్లా తరగతి మారిపోతుంది. టీచరు కూడా నేర్చుకుంటోందని, తప్పులు పలుకుతోందని చూసి ఆ పిల్లలు నవ్వుతారు, ఆ నవ్వుతోనే నోరు విప్పుతారు.

ఇటువంటి మొదటి రోజు గురించి ఒక మంచి పుస్తకం ఉంది. గుజరాత్‌లో గిజుభాయి బధేకా అనే ఆయన న్యాయవాద వృత్తి మాని పసిపిల్లల చదువులోకి వచ్చారు. 1920లో భావనగర్‌లో బాలమందిరం పెట్టారు. పిల్లలు ఆయనను మీసాల అమ్మ అని పిలిచేవారట. ఆయన రాసిన దివాస్వప్నంలో లక్ష్మీరాం అనే మాస్టరు నాలుగో తరగతి పిల్లలతో ఏడాదిపాటు కొత్త పద్ధతిలో చదువు చెప్పే ప్రయోగానికి తానే పూనుకుంటాడు. రాత్రంతా ఆలోచించి, నిశ్శబ్దం పాటించే ఆట ఆడిద్దామని వెళతాడు. పిల్లలు చేసిన గోలకు గది దద్దరిల్లిపోతుంది. చేసేది లేక ఆ రోజుకు వాళ్ళను ఇంటికి పంపించేస్తాడు. మర్నాడు వచ్చి ఏం చేశాడు? బెత్తం పట్టలేదు, రాజీనామా ఇవ్వలేదు. కథ మొదలుపెట్టాడు. గోల పెట్టిన పిల్లలే చుట్టూ మూగి కూర్చున్నారు. ట్రైనింగు చేసే ప్రతి అమ్మాయీ ఈ పుస్తకం చదవాలి. అందులోని పద్ధతుల కోసమే కాదు. మొదటి రోజు పాడైతే ఏడాదంతా పాడైనట్టు కాదని తెలుసుకోవడానికి.

ఇక బడుల్లో ఇప్పటికే పనిచేస్తున్న పెద్ద టీచర్లకు ఒక మనవి. ప్రాక్టీసుకు అమ్మాయిలు రాగానే, "హమ్మయ్య, క్లాసు వాళ్ళు చూసుకుంటారు" అని స్టాఫు రూములో కూర్చోకండి. అలాగని, "వీళ్ళు వచ్చి మా సిలబస్ పాడుచేస్తున్నారు" అని విసుక్కోకండి. మీ తరగతిలో ఎవరు ఆకలితో వస్తారు, ఎవరికి చూపు ఆనదు, ఎవరిని పక్కపక్కన కూర్చోబెట్టకూడదు, ఈ నాలుగు ముక్కలు మొదటి రోజే ఆ అమ్మాయికి చెప్పండి. ఏ శిక్షణ పుస్తకంలోనూ దొరకని పాఠం అది. కొత్త టీచరు మీ బడికి ఉద్యోగానికి వస్తే మొదటి ఏడాది ఆమెను ఒంటరిగా వదలకండి. అందరికంటె అల్లరి తరగతిని కొత్తవాళ్ళకు అంటగట్టే అలవాటు చాలా బడుల్లో ఉంది. అది మానండి.

అమ్మాయిలూ, చివరగా మీతో ఒక మాట. "నావల్ల అవుతుందా?" అని అడుక్కోవడం బలహీనత కాదు. పిల్లల చదువు మీ చేతిలో ఉందని మీకు తెలుసు గనకే ఆ ప్రశ్న వస్తోంది. ఆ ప్రశ్న ఎన్నడూ రాని టీచరు గురించే నాకు బెంగ. అయితే ఆ ప్రశ్నను అలా పట్టుకుని రాత్రంతా కూర్చోకండి. దాన్ని చిన్నది చేసుకోండి. ఏడాదంతా చెప్పగలనా అని కాదు, రేపు ఆ మూడో వరసలో పిల్లకి ఒత్తులు వచ్చేలా చెప్పగలనా అని అడగండి. చెప్పి చూడండి. రాకపోతే ఇంకోలా చెప్పి చూడండి. ఆ పిల్ల ఒకనాడు పలక ఎత్తి చూపిస్తుంది. దానికంటె గట్టి జవాబు మీకు ఏ పరిశీలన పుస్తకంలోనూ దొరకదు.

ఇంట్లో ఉన్న అమ్మలూ, అత్తలూ, రేపు ఉదయం మీ అమ్మాయో, కోడలో చార్టులు చంకన పెట్టుకుని బస్సుకు పరుగెడుతుంటే, "పాఠం బాగా చెప్పి రామ్మా" అని ఒక్క మాట అనండి. సాయంత్రం రాగానే, "పిల్లలకి అర్థమయిందా?" అని అడగండి.